కాన్వాస్‌పై ఫొటో పగలకుండా ఉండాలంటే

ప్రశ్న: మా స్టూడియోలో పోర్ట్రెయిట్ ప్రింట్లను కాన్వాస్‌పై అతికించి, చెక్క చట్రానికి బిగించి ఇస్తున్నాం. కొన్నాళ్లకు అంచుల మడతల వద్ద బొమ్మ పగులుతోంది; మధ్యలో బుడగలు లేస్తున్నాయి. కారణమేమిటి?

జవాబు: ప్రింటును మీరు పూర్తి మందంతోనే అతికిస్తున్నట్టు తోస్తోంది. రంగుల ఫొటో కాగితంలో నడుమ కాగితపు పొర, దానికి రెండు వైపులా పాలిథిలీన్ పూత, అన్నిటికంటే పైన బొమ్మను మోసే ఎమల్షన్ ఉంటాయి. ఈ మందమంతా చట్రం అంచున ఒక్కసారిగా వంగవలసి వచ్చినప్పుడు లాగుడంతా ఎమల్షన్‌పైనే పడి అది చిట్లుతుంది. అందుకే వెనుక కాగితాన్ని ఒలిచి మందం తగ్గించాలి. ముందుగా ప్రింటు ముఖంపై పలుచని మ్యాట్ లామినేషన్ ఫిల్మ్ (మెరుపులేని పారదర్శక రక్షణ పొర) వేయండి. తర్వాత ప్రింటును బోర్లించి, ఒక మూలన వెనుక కాగితపు పొరను గోటితో విడదీసి, ఆ కాగితాన్ని పైకెత్తకుండా బల్లకు ఆనించినట్టుగా వెనక్కి లాగుతూ నెమ్మదిగా ఒలవండి. ఇక్కడ తొందరపడితే ముందువైపు బొమ్మే చిరుగుతుంది. ఈ పనిని కొత్తవారికి అప్పగించకపోవడమే మంచిదని నా అభిప్రాయం. అలా పలుచబడిన బొమ్మ ప్రెస్‌లో (వేడితో అదిమి అతికించే యంత్రంలో) కాన్వాస్ నేతను చక్కగా పట్టుకుంటుంది, మడతకూ లొంగుతుంది.

బుడగలకు తరచుగా కారణం కాన్వాస్‌లోని తేమ. అతికించే ముందు ఉత్త కాన్వాస్‌ను వేడి ప్రెస్‌లో కాసేపు ఉంచి ఆరబెట్టండి. అతికించాక చల్లారేవరకు బరువు కింద ఉంచండి. ఇంక్‌జెట్ ప్రింట్లు అన్నీ వేడికి తట్టుకోవు కనుక, ముందు పనికిరాని ముక్కపై పరీక్షించండి.