కాగితపు పెళ్లి అంగీ రాసిన అమ్మాయికి

అమ్మాయ్,

నీ కథ అందింది. నాలుగో పేజీ దాకా బాగానే చదివాను. అక్కడ ఒక వాక్యం దగ్గర కళ్లజోడు తీసి పక్కన పెట్టేశాను.

నీ కథలో, చైనా నగరం షియాన్‌లో పెళ్లికూతురి చెల్లెలు అక్కకి ఇవ్వడానికి ఎర్ర కాగితంతో అరచేతిలో పట్టేంత పెళ్లి అంగీ చేస్తోంది. ‘కుడి అంచు మడిచి, దాని మీద ఎడమ అంచు వేసింది’ అని రాశావు. అంగీని ఎదురుగా పెట్టుకుని మడిచేవాళ్లకి ఎడమ అంటే, తొడుక్కునే మనిషికి కుడి. పాత చైనా కర్మకాండల్లో కుడి అంచు పైకి రావడం శవానికి తొడిగే పద్ధతి. బతికున్నవాళ్లకి వాళ్ల ఎడమ అంచే పైన ఉండాలి, మెడ దగ్గర చూస్తే ఇంగ్లీషు చిన్న ‘వై’ అక్షరం కనపడాలి. గ్వాన్ జోంగ్ అనే మంత్రే లేకపోతే మనం జుట్టు విరబోసుకుని, కుడి అంచు పైకి వచ్చేలా ఎడమకి తిప్పి కట్టుకునేవాళ్లమని కన్ఫ్యూషియస్ అన్నాడు. అనాగరికుల్లా ఉండేవాళ్లమని ఆయన భావం. అంత పట్టింపు ఉన్న విషయం అది. నువ్వేమో పెళ్లివారి గుమ్మానికి అరటిబోదెల బదులు పాడె వెదుళ్లు కట్టేశావు.

పోనీ, కావాలనే రాశావేమో, అక్కకి ఏదో జరగబోతోందేమోనని టెన్షన్‌తో చివరిదాకా చూశాను. ఏమీ జరగలేదు. అందరూ భోజనాలు చేసి ఫొటో దిగారు.

కాగితం ముట్టుకోకుండా రాశావని ఆ తర్వాతి వాక్యమే చెప్పేసింది. ‘ఆమె వేళ్లు సీతాకోకచిలుకల్లా ఎగిరాయి, క్షణంలో అంగీ తయారైంది.’ ఎవరికైనా పని తెలియని చోటే ఈ సీతాకోకచిలుకలు వచ్చి వాలతాయి. ఇన్నేళ్లుగా అందరికీ చెబుతున్నదే నీకూ చెబుతున్నాను: చేతులు చేసే పనిని చేసిన వరసలో రాయి. ఉపమానం జోలికి పోకు.

ఒకవైపు ఎరుపు, ఇంకోవైపు తెలుపు ఉన్న కాగితం తెచ్చుకో. పై అంచుని సన్నగా ఎర్రవైపుకి మడిస్తే తెల్లపట్టీ వస్తుంది, మెడపట్టీ అదే. చైనాని మింగ్ రాజులు ఏలిన కాలంలో అంగీ మెడకి తెల్లగుడ్డ పట్టీ విడిగా కుట్టేవాళ్లు, చెమటకి మాసితే అదొక్కటే విప్పి మార్చుకోవచ్చని. ఇప్పుడు తెల్లవైపు పైకి ఉంచి, నీ ఎడమ అంచు ఏటవాలుగా లోపలికి తిప్పు, దాని మీదకి కుడి అంచు తే. రెండోది తెచ్చేలోపు మొదటిది లేచిపోతుంది. బొటనవేలితో అదిమి పట్టాలి. ఆ బొటనవేలు నీ కథలో ఎక్కడుంది?

ఇంకో సంగతి. అంగీ అన్నావు, రెండు పేజీల తర్వాత దాన్నే చీపావ్ అన్నావు. 1920ల షాంఘైలో ఫ్యాషనై, తర్వాత నడుం దగ్గర బిగిసిన బట్ట చీపావ్. నువ్వు చెబుతున్నది చైనాలో ఎక్కువమంది అయిన హాన్ జనం పాత అంగీ, దానికి భుజం మీద కుట్టే ఉండదు. ముందూ వెనకా ఒకే గుడ్డ, భుజం దగ్గర మడతే. అందుకే అది కాగితానికి అంత తేలిగ్గా లొంగుతుంది. 1972లో చాంగ్‌షా దగ్గర రెండు వేల ఏళ్ల కిందటి మావాంగ్‌దుయ్ సమాధిలో దొరికిన పలచటి పట్టు అంగీ ఒకటి 128 సెంటీమీటర్ల పొడవుంది, బరువు 49 గ్రాములు. మన పది ఏ4 కాగితాలంత. ఇది ఉన్నది ఉన్నట్టు రాస్తే చాలదూ?

రాస్తే ఎడిటర్లు ఉంచుతారా అంటావేమో. మొదట్లో నేనొక దర్జీ కథ రాశాను. ఒక వేసవంతా మా వీధి దర్జీ అరుగు మీద కూర్చుని కాజాలు కుట్టడం చూశాను. సూదికి ఎక్కించే ముందు ఆయన దారాన్ని మైనం ముద్ద మీదుగా లాగేవాడు, చిక్కు పడకుండా. ఆ పేరా ఒక వారపత్రిక ఎడిటరు కోసేశాడు. ‘పాఠకులకి కథ కావాలిగానీ కుట్టుపని కాదు’ అని కార్డు రాశాడు. ఆ జాగాలో తలనూనె ప్రకటన వేసుకున్నాడు. పారితోషికం ఇప్పటికీ రాలేదు. ఇప్పటివాళ్లు కొయ్యను కూడా కొయ్యరు, చదివితే కదా! పైగా పోటీలవాళ్లకి విదేశీ నేపథ్యం మోజొకటి. నువ్వు షియాన్ దాకా వెళ్లింది అందుకేనని నా అనుమానం.

సరే, వెళ్లావు. అక్కడి ఇళ్లలో కాగితపు బట్టలంటే పెద్దవాళ్లకి ముందు గుర్తొచ్చేది పోయినవాళ్లే. వాళ్ల పదో నెల మొదటిరోజున, చలి మొదలవుతుందని, కాగితంతో బట్టలు చేసి కాల్చి పితృదేవతలకి పంపుతారు. చైనా వాయవ్యాన తుర్ఫాన్ దగ్గర అస్తానా అనే చోటి పాత సమాధుల్లో శవాలకి చిత్తుకాగితాలతో చేసిన జోళ్లు దొరికాయి. విప్పితే తాంగ్ రాజుల కాలపు దస్తావేజులు బయటపడ్డాయి. మరి పెళ్లి ఇంట్లో ఒక పిల్ల కాగితంతో అంగీ చేస్తుంటే నానమ్మ ఊరుకుంటుందా? ఆవిణ్ణి నువ్వు సోఫాలో కూర్చోబెట్టి టీ ఇచ్చావు. కథంతా ఆవిడ దగ్గరే ఉంది తల్లీ. ఆవిడ చేత నోరు విప్పించు.

చెల్లెలు మిగిలిన ముక్కల్ని జేబులో దాచుకోవడం బాగుంది. కలంపేరు గురించీ, ఇంకేవో రెండు మూడు ప్రశ్నలు అడిగావు, ఆ కాగితం ఎక్కడో పెట్టాను.

తిరగరాసి పంపేటప్పుడు నువ్వు మడిచిన అంగీ కూడా కవర్లో పెట్టు. మామూలు పోస్టులోనే పంపు, కొరియర్ వాడు మా మేడ ఎక్కడు.

ఆశీస్సులతో,
మీ మాష్టారు