ఎడమా, దూరమా, తొవ్వా?

సందేహం: కృష్ణబిలం మీద తెలుగులో పాఠం రాస్తూ ‘బిలం కేంద్రం నుంచి ఆర్ దూరంలో’ అన్నాను. సహోద్యోగి ఒకరు అది తప్పన్నారు. సాధారణ సాపేక్ష సిద్ధాంతంలో ‘దూరం’ అనకూడదా? ‘ఎడం’ అనొచ్చా?
– భౌతికశాస్త్ర అధ్యాపకురాలు, హనుమకొండ

సమాధానం: అనొచ్చు. కాకపోతే ఏ కొలతతో వచ్చిన దూరమో ముందు చెప్పాలి.

ష్వార్జ్‌షిల్డ్ పరిష్కారంలో, అంటే తిరగని బిలం చుట్టూ స్థలకాలాలు ఎలా ఉంటాయో ఈ సిద్ధాంతం చెప్పే లెక్కలో, ఆర్ ఎవరూ కొలిచిన దూరం కాదు. బిలం చుట్టూ గీసిన వృత్తం చుట్టుకొలతను రెండు పైలతో భాగిస్తే వచ్చే సంఖ్య. మన పాఠ్యపుస్తకాల్లో ఉన్న ‘నిరూపకం’ (చోటును గుర్తించే సంఖ్య) దానికి సరిపోతుంది. సూర్యుడంత ద్రవ్యరాశి ఉన్న బిలానికి ఘటనా దిగంతం (దాటితే కాంతి కూడా తిరిగి రాలేని హద్దు) దగ్గర ఆర్ సుమారు 3 కిలోమీటర్లు. ఆర్ 6 కిలోమీటర్లు అయిన చోట మీరున్నారనుకోండి. తీసివేస్తే 3 మిగులుతుంది. కానీ అక్కడి నుంచి దిగంతం దాకా, బిలం చుట్టూ కదలకుండా నిలిచినవాళ్లు కొలబద్దలు పేర్చుకుంటూ పోతే దాదాపు 6.9 కిలోమీటర్లు తేలుతుంది. పోనీ అక్కడ ఒక అద్దం పెట్టి దాని మీదికి కాంతిని పంపి, తిరిగొచ్చిన సమయంలో సగాన్ని కాంతివేగంతో గుణిద్దామా? దిగంతం నుంచి అది తిరిగే రాదు. అద్దాన్ని దానికి చేరువ చేసిన కొద్దీ ఈ లెక్క హద్దు లేకుండా పెరుగుతుంది. అందుకే మొదటిదాన్ని కొలబద్ద దూరం, కాంతి రాకపోకలతో వచ్చేదాన్ని రాడార్ దూరం అని విడివిడిగా రాయండి.

రాడార్ దూరం మనకు కొత్తేమీ కాదు. మన దిక్కు ‘ములుగు గంట తొవ్వ’ అంటే కాలంతో దూరం చెప్పడమే. 1983 నుంచి మీటరుకు కూడా కాంతి ప్రయాణమే ఆధారం: శూన్యంలో సెకనులో 29,97,92,458వ వంతులో కాంతి సాగే దారి అది.

ఇక ఎడం. పత్తి చాళ్ల మధ్య ఎడం అంటాం గానీ వరంగల్‌కు, కరీంనగర్‌కు ఎడం అనం. పక్కపక్కనున్నవాటికే ఆ మాట నప్పుతుంది. ఈ సిద్ధాంతం కూడా సూటిగా ఇచ్చేది పక్కపక్క బిందువుల ఎడాన్నే. దాన్ని ఒక దారి వెంట కూడితేనే కొలబద్ద దూరం వస్తుంది, ఏ దారో కూడా చెప్పాలి. కనుక ఎడాన్ని సూక్ష్మమైన తేడాలకు ఉంచుకోండి, బిలం దాకా చాచకండి.

మీ వాక్యంలో నాకు ఎక్కువ అభ్యంతరం ‘కేంద్రం నుంచి’ అన్నదే. దిగంతం లోపల ఆర్ కాలంలా ప్రవర్తిస్తుంది. అక్కడ కదలకుండా నిలిచి కొలబద్ద పరిచే వీలే ఉండదు. ‘ఆర్ నిరూపకం గల గోళం మీద’ అని మార్చండి.