ల్యాబ్‌లో పెంచిన కార్టిలేజ్ నా మోకాలికి అతుకుతుందా?

ప్రశ్న: నా వయసు 36. విజయవాడ ఆటోనగర్‌లో లేత్ పని చేస్తాను. ఏడాది కిందట బైక్ స్కిడ్ అయి కుడి మోకాలికి దెబ్బ తగిలింది. అప్పటి నుంచి తరచూ వాస్తోంది, మెట్లు దిగుతుంటే కలుక్కుమంటోంది. తొడ ఎముక లోపలి వైపు 3 చదరపు సెంటీమీటర్ల మేర కార్టిలేజ్ పూర్తిగా లేచిపోయిందని, గ్రేడ్ 4 అని ఎమ్మారైలో రాశారు. స్టెమ్ సెల్ ఇంజెక్షన్ వేస్తే గుజ్జు మళ్లీ పెరుగుతుందని ఒకరన్నారు. నా కణాలే ల్యాబ్‌లో పెంచి అతికిస్తారని ఇంకొకరన్నారు. ఏది నిజం? మా అమ్మకు 64 ఏళ్లు, రెండు మోకాళ్లూ అరిగాయి. ఆమెకు కూడా చేయించవచ్చా?

సమాధానం: రెండో మాట నిజం. మీ వయసుకూ గాయం సైజుకూ ఆ చికిత్స సరిపోతుంది కూడా. కానీ అంతకన్నా ముందు మీ కాలు వంకరగా ఉందా అన్న సంగతి తేలాలి.

మొదట గుజ్జు అన్న మాట సంగతి చూద్దాం. అందరం వాడే మాటే గానీ, అయిపోతే మళ్లీ నింపుకోవచ్చన్న భ్రమ దానివల్లే కలుగుతుంది. మటన్ కొట్టులో కాలు ఎముకను కీలు దగ్గర విడదీసినప్పుడు చివర తెల్లగా, నున్నగా మెరిసే పొర కనిపిస్తుంది చూడండి, అదీ కార్టిలేజ్. మన మోకాల్లో దాని మందం 2 నుంచి 4 మిల్లీమీటర్లు. అందులో రక్తనాళాలు లేవు, నరాలు లేవు, కణాలు కూడా చాలా తక్కువ. అందుకే చర్మం మానినట్టు అది మానదు. మీ గాయం దాదాపు రూపాయి బిళ్లంత ఉంది.

2 చదరపు సెంటీమీటర్ల లోపు గాయమైతే మైక్రోఫ్రాక్చర్ చేస్తారు. అంటే ఎముకకు 3, 4 మిల్లీమీటర్ల ఎడంలో సన్నటి రంధ్రాలు పొడిచి, మజ్జలోని రక్తం పైకి వచ్చి గడ్డకట్టేలా చూడటం. అక్కడ పుట్టేది మచ్చలాంటి నార కార్టిలేజ్. అసలు దానంత గట్టిగా ఉండదు, కొన్నేళ్లకు పాడవుతుంది. మీ సైజుకు నేనైతే దాన్ని సిఫారసు చేయను. ఎందుకంటే ఒకసారి మైక్రోఫ్రాక్చర్ అయిన మోకాల్లో తర్వాత చేసే కణాల చికిత్స విఫలమయ్యే అవకాశం దాదాపు మూడింతలని 2009లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది.

కణాల చికిత్సను స్వీడన్ వైద్యులు 1994లో ప్రపంచానికి చెప్పారు. ఇది రెండు ఆపరేషన్ల పని. మొదటిది కీహోల్, అంటే చిన్న రంధ్రం గుండా చేసేది: మోకాల్లో బరువు పడని అంచు నుంచి 200, 300 మిల్లీగ్రాముల కార్టిలేజ్ తీస్తారు. ఒక శనగగింజ బరువు అనుకోండి. దాన్ని చల్లటి పెట్టెలో ల్యాబ్‌కు పంపిస్తారు. అక్కడ ఎంజైమ్‌తో చుట్టూ ఉన్న పదార్థాన్ని కరిగించి, విడిపోయిన కణాలను నాలుగు నుంచి ఆరు వారాలు పెంచుతారు. ఇక్కడే అసలు చిక్కు. చదునైన పళ్లెంలో ఎక్కువ తరాలు పెరిగిన కణాలు తమ పని మరిచిపోయి మచ్చ కణజాలపు కొల్లాజెన్ (కణజాలాన్ని పట్టి ఉంచే ప్రొటీన్) తయారుచేయడం మొదలుపెడతాయి. అందుకే తరాలకు పరిమితి ఉంటుంది, అందుకే వాటిని కొల్లాజెన్ పొర మీదో జెల్‌లోనో నిలబెడతారు.

రెండో ఆపరేషన్‌లో గాయం అంచుల్ని నిట్టనిలువుగా, గట్టి కార్టిలేజ్ తగిలేదాకా కోస్తారు. అంచు వాలుగా ఉంటే పొర నిలవదు. అడుగున ఎముక నుంచి రక్తం రాకూడదు, వస్తే మళ్లీ నార కణజాలమే పెరుగుతుంది. రేకుతో కొలత తీసుకుని పొరను ఆ ఆకారానికి కత్తిరించి ఫైబ్రిన్ (రక్తం గడ్డకట్టించే ప్రొటీన్) జిగురుతో అంటిస్తారు. తర్వాత మోకాలిని వంచి, చాచి, పొర కదలడం లేదని చూసుకుని కుట్లు వేస్తారు. జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ పడని వాళ్లు ముందే చెప్పాలి, ల్యాబ్ ద్రవాల్లో అది ఉండొచ్చు. కొన్ని పొరలు పంది కొల్లాజెన్‌తో చేసినవి, అభ్యంతరం ఉంటే అడగండి. ల్యాబ్ ఏ ఊళ్లో ఉంది, మే నెల ఎండలో పెట్టె ఎలా వస్తుంది అని అడిగినా తప్పు లేదు. తయారైన కణాలకు గడువు కొద్ది రోజులే.

ఇక వంకర. ఆటోనగర్‌లో మీకు వేరే చెప్పాలా? టైరు ఒకవైపే అరుగుతుంటే అలైన్‌మెంట్ చూడకుండా కొత్త టైరు వేస్తే అదీ అలాగే పోతుంది. కాలు దొడ్డికాలైతే బరువంతా లోపలి వైపే పడుతుంది, మీ గాయమూ అక్కడే ఉంది. తుంటి నుంచి చీలమండ దాకా నిలబడి తీసే పొడవాటి ఎక్స్‌రే తీయించండి. వంకర ఉంటే ముందుగానో ఆ ఆపరేషన్‌తో పాటో ఎముకను సరిచేయాలి. మెనిస్కస్ (ఎముకల మధ్య మెత్తలా ఉండే చక్రం) పోయినా, మోకాలిని లోపల పట్టి ఉంచే ఏసీఎల్ లిగమెంట్ తెగినా అదే మాట. ఎదురుగా ఉన్న ఎముక మీద కూడా పొర లేచిపోయి ఉంటే ఈ చికిత్స చేయరు. ఎమ్మారై పాతదైతే మళ్లీ తీయించాలి, ఈలోగా గాయం పెరిగి ఉండొచ్చు. సిగరెట్ ఉంటే మానాలి.

తర్వాతి నెలలే కష్టం. మొదటి రెండు వారాలు పాదం నేలకు ఆనిస్తారంతే, బరువు మోపకూడదు. పూర్తి బరువుకు 6 నుంచి 8 వారాలు పడుతుంది. యంత్రంతో రోజుకు 6 నుంచి 8 గంటలు కాలు ఆడించాలి. ఆ కదలికే కణాలకు పోషణ. ఎక్కువగా చెడేది ఇక్కడే: నొప్పి తగ్గింది కదా అని నెలకే కర్రలు వదిలేస్తే పొర జారిపోతుంది. కదలకుండా పడుకుంటే మోకాలు బిగుసుకుపోతుంది. కొందరిలో అతికించింది అవసరానికి మించి పెరిగి తగులుతుంది, కీహోల్‌లో చెక్కేయాల్సి వస్తుంది. లేత్ దగ్గర రోజంతా నిలబడే పనికి నాలుగైదు నెలలు దూరంగా ఉండాలి. గొంతుక్కూర్చోవడం, పరుగు ఏడాది దాకా వద్దు. ఇంట్లో వెస్టర్న్ కమోడ్ ముందే పెట్టించుకోండి.

ఇంజెక్షన్ సంగతి. మోకాలి ఆర్థరైటిస్‌కు దాతల మజ్జ కణాలతో చేసిన ఒక ఉత్పత్తికి మన దేశంలో 2022లో అనుమతి వచ్చింది. అది నొప్పి తగ్గడానికి, కదలిక మెరుగవడానికి, మీలాంటి గుంతను పూడ్చడానికి కాదు. ఎవరైనా ఇస్తామంటే ఉత్పత్తి పేరు, డీసీజీఐ (కేంద్ర ఔషధ నియంత్రణాధికారి) అనుమతి కాగితం, బ్యాచ్ నంబరు రాసివ్వమనండి. తడబడితే లేచి వచ్చేయండి. స్విట్జర్లాండ్‌లో ముక్కు దూలం కార్టిలేజ్ నుంచి కణాలు తీసి మోకాల్లో పెట్టే పరీక్షలు జరిగాయి. ఆశ కలిగించేవే గానీ ఇంకా పరిశోధన దశలోనివి.

అమ్మగారికి ఈ చికిత్స పనికిరాదు. ఒకచోట గుంత కాదు, పొర అంతా పోయి ఎముకలు రాసుకుంటున్నాయి, అంటించడానికి గట్టి అంచే ఉండదు. ఈ చికిత్సను పరీక్షించింది కూడా చాలావరకు 55 ఏళ్లలోపు వాళ్లలోనే. ఆమె కిలో బరువు తగ్గితే అడుగడుగునా మోకాలి మీద దాదాపు 4 కిలోల భారం తగ్గుతుంది. తొడ కండరాల వ్యాయామం రోజూ చేయించండి. రాత్రి నిద్ర చెడగొట్టే నొప్పి వస్తే మోకాలి మార్పిడి గురించి ఆలోచించవచ్చు. అప్పటిదాకా చేతికర్ర వాడమనండి. ఎడమ మోకాలు ఎక్కువ నొప్పిగా ఉంటే కర్ర కుడిచేతిలో ఉండాలి, చాలామంది పొరపాటున నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు.