పిల్లి తిండి ముట్టకపోతే ఆకలితో ఉంచి అలవాటు చేయవచ్చా?

పిల్లిని ఆకలితో మాడ్చి దారికి తేవాలనుకోవడం ప్రమాదకరం. పెద్ద పిల్లి 24 గంటలపాటు ఏమీ తినకపోతే పశువైద్యునికి చూపించాలి. తిండి అందనప్పుడు దాని ఒంట్లోని కొవ్వు కరిగి కాలేయానికి చేరుతుంది, ఆ కొవ్వునంతటినీ వినియోగించుకోలేక కాలేయమే దెబ్బతింటుంది. బొద్దుగా ఉన్న పిల్లులకు ఈ ముప్పు మరీ ఎక్కువ. చలాకీగా తిరుగుతూ, గిన్నెను వాసన చూసి పక్కకు తప్పుకునే పిల్లికి బహుశా ఆ తిండి నచ్చలేదంతే. పిల్లి తిండిని ఎంచుకునేది ముఖ్యంగా వాసనను బట్టే కనుక, ఫ్రిజ్‌లోంచి తీసి చల్లగా పెట్టిన ఉడికిన చేపను ముట్టనిది కూడా, ముళ్లు తీసి గోరువెచ్చగా పెడితే తరచుగా తింటుంది (ఉప్పుకారాలు, ఉల్లి, వెల్లుల్లి మాత్రం తగలనీయకూడదు). “ఆకలేస్తే అదే తింటుంది” అని చాలామంది ధీమాగా ఉంటారు గానీ, నచ్చని తిండి ఎదురుగా ఉన్నా పిల్లి రోజుల తరబడి పస్తుండగలదు.