పంపు భుజానికెత్తే ముందు

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. గోధుమ వెన్నులకు పేనుబంక, అదే రసం పీల్చే చిన్న పేను, పట్టిందనీ, మందు కొట్టాలా కషాయం కొట్టాలా అనీ అడిగావు. రెండూ పక్కన పెట్టి, రేపు ఎండ ఎక్కకముందే చేలోకి వెళ్లు. గట్టు మీద నిలబడి చూస్తే ఏమీ తెలియదు. నాలుగైదు చోట్ల లోపలికి దిగి, ఒక్కో చోట పది వెన్నులు వంచి లెక్కపెట్టు. సగటున వెన్నుకు ఐదు పేలు దాటకపోతే ఇంటికి వచ్చేయ్.

దాటినా కంగారు పడకు. ఆ గుంపులోనే ఉబ్బిపోయి, ఎండుగడ్డి రంగుకు తిరిగి, కదలకుండా అతుక్కున్నవి ఉన్నాయేమో చూడు. గోరుతో మీటినా కాలు కదపవు. కొన్నిటి వీపున సూదితో పొడిచినట్టు గుండ్రటి చిల్లు ఉంటుంది. అవి పీనుగులు. చీమకన్నా చిన్న కందిరీగ ఒకటి పేను ఒంట్లో గుడ్డు పెడుతుంది. పిల్ల లోపలంతా తినేసి, ఆ చిల్లులోంచి ఎగిరిపోతుంది. వెన్ను వెన్నుకీ అలాంటివి కనిపిస్తుంటే నీ పని వేరేవాళ్లు చేస్తున్నారన్నమాట. నాలుగు రోజులు ఆగి మళ్లీ లెక్కపెట్టు.

అక్షింతల పురుగు నీకు తెలిసిందే, ఎర్ర డిప్ప మీద నల్ల చుక్కలు. దాని పిల్లకు మాత్రం తల్లి పోలిక రాదు. నల్లగా, పొడుగ్గా, నారింజ మచ్చలతో బుల్లి మొసలిలా ఉంటుంది. పెద్దదయ్యేలోగా వందల పేలను మింగుతుంది. నా మొదటి పంటలో చేను తింటున్నది ఇదేననుకుని దొరికినదాన్నల్లా వేళ్లతో నలిపేశాను. అది చాలదన్నట్టు విషం కూడా కొట్టాను. వారం రోజులు చేను కడిగినట్టు ఉంది. ఆ తర్వాత పేనుబంక మునుపటికన్నా దట్టంగా కమ్మింది. పేను ఆడది మగ తోడు లేకుండానే రోజూ పిల్లల్ని కంటూ పోతుంది. దాన్ని తినేవి అంత వేగంగా పెరగలేవు. డబ్బు పోసి నా కూలీలను నేనే చంపుకున్నాను.

సరే, లెక్క పెరుగుతూనే ఉంది, తినేవాళ్లు కనిపించడం లేదు అనుకో. అప్పుడు వేప పట్టుకో. ఆకులు కాదు, గింజల్లోని పప్పు. ఐదు కిలోల పప్పు పొడిని పది లీటర్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టు. పొద్దున గుడ్డలో పిండి, వంద లీటర్లకు నీళ్లు కలుపు. చల్లే ముందు వంద గ్రాముల సబ్బు కరిగించి పోయాలి, లేకపోతే కషాయం ఆకుకు అంటుకోదు. వడపోత సరిగా లేకపోతే నాజిల్ పూడిపోయి సాయంత్రమంతా పుల్లతో పొడుచుకుంటూ కూర్చుంటావు. పొద్దు వాలాకే కొట్టు, వేపలోని సారం ఎండకు విరిగిపోతుంది. మిగిలినది మర్నాటికి దాచకు. ఇంకో మాట, వేప అక్కడికక్కడ చంపదు. తిండి మాన్పిస్తుంది, కుబుసం విడవనివ్వదు. మర్నాడు వెళ్లి పురుగు బతికే ఉందని నన్ను తిట్టుకోకు.

పొగాకు కషాయం కూడా సహజమేగా అని ఎవరైనా అంటే వినకు. అందులోని నికోటిన్ చర్మంలోంచే ఒంట్లోకి దిగుతుంది. చెట్టు నుంచి వచ్చినంత మాత్రాన విషం విషం కాకుండా పోదు.

అసలు పేను ఎందుకు వచ్చిందో కూడా ఆలోచించు. చేను నల్లగా నిగనిగలాడాలని యూరియా గుమ్మరించావేమో. ఆకు మెత్తబడి, రసంలో నత్రజని ఎక్కువైతే పేనుకు పండగే. వచ్చేసారి విత్తనం ఆలస్యం చేయకు. గట్ల వెంట ఆవాలు, ధనియాలు రెండు వరసలు చల్లు. ఆవాలకు పట్టే పేను వేరు జాతి, గోధుమ జోలికి రాదు. దాన్ని తింటూ అక్షింతల పురుగులు ముందే కాపురం పెడతాయి. ధనియాల పూల తేనెకు కందిరీగలు చేరతాయి.

చెదల గురించీ రాశావు. దానికి కషాయాలు వెతకకు, నువ్వు తోలిన పచ్చి పేడ సంగతి చూసుకో. మాగని ఎరువు చెదను పిలిచి కూర్చోబెడుతుంది. బాగా చివికినదే తోలు. నేల మరీ బీటలు వారకుండా తడులు ఇవ్వు.

గింజ పాలు పోసుకునే దశ దాటి గట్టిపడ్డాక మాత్రం కషాయం కూడా కలపకు. అప్పటికి పేను తినగలిగింది తినేసి ఉంటుంది, వెన్ను ఎండుతుంటే దానంతటదే వెళ్లిపోతుంది. రేపటి లెక్క, నాలుగు రోజుల తర్వాతి లెక్క రెండూ కాగితం మీద రాసి పంపు. పీనుగులు ఎన్నో విడిగా రాయి.

మీ మామయ్య