నెల సంపాదన చూసి వర్గం చెప్పలేం

నెలకు ఎంత వస్తే మధ్యతరగతి కిందికి వస్తాం, సమాజ శాస్త్రవేత్తలు దానికి ఏ లెక్క వాడతారు అని అడిగారు. సంపాదన అంకె ఒక్కటే చూసి వర్గం తేల్చేది ఎక్కువగా సర్వేలవాళ్లు, టీవీ చర్చలవాళ్లు, ఫ్లాట్లు అమ్ముకునేవాళ్లు. ఉత్పత్తి సాధనాలు ఎవరి చేతిలో ఉన్నాయని కార్ల్ మార్క్స్ చూశాడు. మనిషికున్న ఆస్తి, నైపుణ్యం మార్కెట్లో అతనికి ఎలాంటి జీవితావకాశాలు తెచ్చిపెడతాయని జర్మన్ సమాజ శాస్త్రవేత్త మాక్స్ వెబర్ అడిగాడు. పరువు మర్యాదలను ఆయన వేరే లెక్కలో వేశాడు. ఆయన మాటే నాకు నమ్మకం, ఎందుకంటే గాజువాకలో మా ఇంట్లోనే దాన్ని చూశాను.

మా నాన్న ఒక పెద్ద కర్మాగారంలో పర్మినెంటు ఫిట్టరు. బాబాయి అక్కడే కాంట్రాక్టరు కింద వెల్డరు. ఇద్దరిదీ ఒకే షెడ్డు, ఒకే వేడి. యంత్రాలు ఆపి మరమ్మతులు చేసే షట్‌డౌన్ పనులున్న నెలల్లో ఓవర్‌టైముతో కలిపి బాబాయి ఇంటికి తెచ్చేది నాన్న జీతానికి ఏమంత తక్కువ కాదు.

పెదగంట్యాడ దగ్గర కొనుక్కున్న చిన్న స్థలంలో రెండు గదులు వేసుకుందామని బాబాయి బ్యాంకు రుణానికి వెళ్లాడు. తోడుగా నాన్న, నేను. అక్కడి అధికారి నాన్న జేబుకున్న గుర్తింపు కార్డు చూసి "కూర్చోండి" అన్నాడు. బాబాయి దస్తావేజుల సంచి చంకలో పెట్టుకుని నిలబడే ఉన్నాడు. "నీకు జీతం స్లిప్పు ఇస్తారా?" అని బాబాయిని అడిగాడు. వయసులో బాబాయి ఆయనకంటే పెద్ద. జీతం కాంట్రాక్టరు చేతికే ఇస్తాడని, కాంట్రాక్టు మారినప్పుడల్లా గేటు పాసు కూడా మారుతుందని బాబాయి చెబుతూనే ఉన్నాడు. ఆయన మాత్రం నాన్న వైపు తిరిగి "మీ పేరు మీదైతే వెంటనే చేసేద్దాం సార్" అన్నాడు. స్థలం బాబాయిది, అదెలా కుదురుతుంది? చివరికి బాబాయి నూటికి మూడు రూపాయల వడ్డీకి బయట తెచ్చాడు. అంటే ఏడాదికి 36 శాతం. ఆ తర్వాత నాన్న తీసుకున్న ఇంటి రుణానికి వడ్డీ అందులో మూడో వంతు కూడా లేదు.

అసమానత పెరిగేది సరిగ్గా ఇక్కడే. బాబాయి ఓవర్‌టైము డబ్బు వడ్డీకి పోయింది, నాన్న జీతం మా చదువులకు వెళ్లింది. నేను ఇంజినీరింగ్ చేశాను. లెక్కల్లో నాకంటే చురుకైన బాబాయి కూతురు ఇంటర్ కాగానే బట్టల షాపులో చేరింది. ఎవరి తెలివినీ, కష్టాన్నీ తూచి ఇలా జరగలేదు.

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్ ఉక్కు పట్టణంలో 1990ల నుంచి ఏళ్ల తరబడి పరిశోధించిన జొనాథన్ ప్యారీ అనే బ్రిటిష్ మానవ శాస్త్రవేత్త కూడా ఈ మాటే అన్నాడు. పర్మినెంటు కార్మికులు, కాంట్రాక్టు కార్మికులు ఒకే వర్గంలో పైమెట్టు, కిందిమెట్టు కాదు, వేర్వేరు వర్గాలే అని. ఏడాది పొడవునా సాగే పనుల్లో కాంట్రాక్టు పద్ధతిని నిషేధించే అధికారం 1970లో వచ్చిన చట్టం ప్రభుత్వాలకు ఇచ్చింది. అయినా బాబాయిది కాంట్రాక్టు పనే. వెల్డింగ్ అవసరం లేని రోజు ఏ కర్మాగారంలో ఉంటుంది చెప్పండి!

పరువు సంగతి కూడా చెప్పాలి. మధురవాడ వైపు కొన్ని అపార్ట్‌మెంట్లలో ఇళ్లలో పనిచేసేవాళ్లు వేరే లిఫ్టు ఎక్కాలట. పనిచేసే ఆమె వండిన కూర తినవచ్చు, ఆమె పక్కన నాలుగు అంతస్తులు ఎక్కకూడదు! ఇందులో కులం పాలు లేదని వాదించేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మన దేశంలో కులాన్ని పక్కన పెట్టి వర్గం గురించి రాసే ఏ విశ్లేషణా నేను చదవను.

కాబట్టి మీ జీతం ఎంతో నాకు చెప్పకండి. మూడు నెలలు పని లేకపోతే ఇల్లు ఎలా నడుస్తుంది, ఇంట్లో ఒకరు ఆస్పత్రి పాలైతే బిల్లు ఎవరు కడతారు, మీకు అప్పు ఏ వడ్డీకి పుడుతుంది, ఈ మూడూ రాయండి. మీది ఏ వర్గమో అప్పుడు చెబుతాను.