మూతి ఒక పక్కకు వంకర పోయింది.. పక్షవాతమా?

ప్రశ్న: నా వయసు 36. మాది ఖమ్మం. నిన్న పొద్దున లేచి నోరు పుక్కిలిస్తుంటే నీళ్లు ఎడమ పక్క నుంచి కారిపోయాయి. అద్దంలో చూసుకుంటే మూతి కుడి పక్కకు లాగేసినట్టు ఉంది. ఎడమ కన్ను పూర్తిగా మూతపడటం లేదు. అన్నం బుగ్గలోనే ఉండిపోతోంది. ఆ పక్కంతా మొద్దుబారినట్టు, బరువుగా ఉంది. ముందు రోజు రాత్రి చెవి వెనక నొప్పి వచ్చింది. కాళ్లూ చేతులూ బాగానే ఉన్నాయి. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నందుకు గాలి కొట్టిందని మా అత్తయ్య, పక్షవాతమేనని ఇరుగుపొరుగు అంటున్నారు. ఇక్కడి డాక్టర్ చూసి స్టెరాయిడ్ మాత్రలు రాశారు. రెండో కాన్పుకు ముందు నాకు షుగర్ వచ్చి, తర్వాత తగ్గింది. అందుకే ఆ మాత్రలంటే భయంగా ఉంది, ఇంకా వేసుకోలేదు. ఇది తగ్గుతుందా?

జవాబు: ముందు మాత్రల సంగతి. మీకు షుగర్ వచ్చిన విషయం మీ డాక్టర్‌కు ఫోన్ చేసి చెప్పి, ఆయన రాసిన కోర్సు ఈ రోజే మొదలుపెట్టండి. మీ మెయిల్ చూడగానే ఇదే మాట మీకు విడిగా రాశాను. ఇక్కడ మళ్లీ రాస్తున్నది మీలాగే చీటీ చేతిలో పెట్టుకుని భయంతో ఆగిపోయేవాళ్ల కోసం. ఈ జబ్బులో స్టెరాయిడ్ బాగా పనిచేసేది మొదటి 72 గంటల్లో మొదలుపెడితేనే.

మీరు చెప్పినవన్నీ ‘బెల్స్ పాల్సీ’ని సూచిస్తున్నాయి. ముఖ కండరాలను కదిలించే ఏడో కపాల నాడి చెవి వెనక ఎముకలో ఉండే ఇరుకైన దారి గుండా బయటికి వస్తుంది. అక్కడ నరం వాచిందంటే ఉబ్బడానికి చోటుండదు, నలిగిపోతుంది. మీకు ముందుగా చెవి వెనక నొప్పి వచ్చింది అందుకే. కొందరికి నాలుక ముందు భాగంలో రుచి తగ్గుతుంది, ఆ చెవికి మామూలు శబ్దాలు కూడా పెద్దగా వినిపిస్తాయి. వాపుకు కారణం చాలాసార్లు ఒంట్లో ఎప్పటినుంచో నిద్రాణంగా ఉన్న హెర్పిస్ రకం వైరస్ మళ్లీ లేవడమేనని భావిస్తున్నారు. చల్లగాలి వల్లే వస్తుందని మాత్రం తేలలేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నందుకు మిమ్మల్ని మీరు తిట్టుకోకండి.

ఇక పక్షవాతం భయం. అద్దం ముందు నిలబడి కనుబొమలు రెండూ పైకెత్తితే, మీకు ఎడమ పక్క నుదుటి మీద ముడతలు పడవనే అనుకుంటున్నాను. నుదుటి కండరాలకు మెదడు రెండు భాగాల నుంచీ ఆదేశాలు అందుతాయి. అందుకే మెదడులో ఒక పక్క స్ట్రోక్ వచ్చినా సాధారణంగా నుదురు ముడతపడుతుంది, కన్ను కూడా చాలావరకు మూతపడుతుంది. మూతి మాత్రమే వంకర పోతుంది. నరమే దెబ్బతింటే నుదురు, కన్ను, మూతి మూడూ పడిపోతాయి. అయితే ఈ తేడాను డాక్టరే తేల్చాలి. కొన్ని స్ట్రోకుల్లో నుదురు కూడా పడిపోవచ్చు కాబట్టి ఎవరూ అద్దం పరీక్షతో ధైర్యం తెచ్చుకుని ఇంట్లో కూర్చోవద్దు. మూతి వంకరతో పాటు చెయ్యి, కాలు బలం తగ్గినా, మాట తడబడినా, తూలుతున్నా, ఒక వస్తువు రెండుగా కనిపించినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. పక్షవాతమైతే రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి.

మొద్దుబారిందన్నారు కదా, దాన్ని ఒకసారి సరిచూసుకోవాలి. కళ్లు మూసుకుని, ఇంట్లోవాళ్లను దూదితో రెండు బుగ్గలూ, నుదురూ, గడ్డమూ తాకమనండి. రెండు పక్కలా ఒకేలా తెలిస్తే కంగారు లేదు. కండరం కదలనప్పుడు ముఖం బరువుగా, మొద్దుగా అనిపించడం మామూలే. స్పర్శ నిజంగానే తగ్గి ఉంటే మాత్రం దాన్ని బెల్స్ పాల్సీ ఖాతాలో వేసేయకూడదు. ముఖానికి స్పర్శనిచ్చేది వేరే నరం, ఐదోది. రెండూ దెబ్బతిన్నాయంటే నరాల మీద గడ్డ లాంటివేమైనా ఉన్నాయేమో స్కాన్ చేసి చూడాలి. ముఖం మీద స్పర్శ లేని పాలిపోయిన మచ్చ ఉంటే కుష్ఠు పరీక్ష కూడా చేయించాలి. దానికి ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితం, పూర్తిగా నయమవుతుంది.

స్టెరాయిడ్ల మీద మీ భయం అర్థం లేనిది కాదు. షుగర్ పెరిగే అవకాశం ఉంది, అది ముఖ్యంగా మధ్యాహ్నం, సాయంత్రం కనిపిస్తుంది. కానీ ఇది పది రోజులకు అటూ ఇటూగా ముగిసే కోర్సు. ఈ రోజే పరగడుపున, తిన్నాక షుగర్, హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) చేయించండి. కోర్సు నడిచినన్నాళ్లూ గ్లూకోమీటర్‌తో చూసుకుంటూ ఉండండి. పెరిగితే డాక్టర్ దానికి మందు ఇస్తారు. గర్భంతో షుగర్ వచ్చినవాళ్లకు తర్వాత మధుమేహం వచ్చే అవకాశం ఎక్కువ, మధుమేహం ఉన్నవాళ్లకు బెల్స్ పాల్సీ ఎక్కువ. కాబట్టి ఆ పరీక్ష మీకు ఎలాగూ అవసరమే. మాత్రలు టిఫిన్ చేశాక వేసుకోండి. కోర్సును సొంతంగా పొడిగించవద్దు, మధ్యలో మానవద్దు.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, 2007లో వెలువడిన స్కాట్లండ్ అధ్యయనంలో ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ వాడినవారిలో 83 శాతం మందికి మూడు నెలల్లో ముఖం మామూలైంది. వాడనివారిలో అది 64 శాతమే. తొమ్మిది నెలలకు ఆ అంకెలు 94, 82. మందు లేకుండా కూడా చాలామందికి తగ్గుతుంది, నిజమే. మిగిలిపోయే కొద్దిమందిలో మీరు ఉండకూడదనే ఈ తాపత్రయం.

చెవి లోపల, చుట్టూ నీటి పొక్కులు ఉన్నాయేమో చూడమనండి. ఉంటే అది ఆటలమ్మ వైరస్ వల్ల వచ్చే రామ్సే హంట్ సిండ్రోమ్. దానికి స్టెరాయిడ్‌తో పాటు యాంటీవైరల్ మందు తప్పనిసరి.

కంటి విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. మూతి కొన్నాళ్లు వంకరగా ఉన్నా తర్వాత సర్దుకుంటుంది. మూతపడని కన్ను ఎండిపోయి నల్లగుడ్డు మీద పుండు పడితే చూపు దెబ్బతింటుంది. పగలు గంటకో రెండు గంటలకో కృత్రిమ కన్నీటి చుక్కలు వేసుకోండి. రాత్రి ఆయింట్‌మెంట్ రాసి, రెప్పను చేత్తో మూసి టేపు అంటించండి. తెరిచి ఉన్న కంటి మీద దూది పెట్టి కట్టవద్దు, అది గుడ్డుకు రాసుకుంటుంది. బయటికి వెళ్తే కళ్లజోడు ఉండాలి, ఫ్యాన్ గాలి సూటిగా ముఖానికి తగలనివ్వద్దు. కంట్లో పసర్లు పోయించుకోవడం ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు.

కరెంట్ పెట్టించుకోవడం, బలంగా బుడగలు ఊదడం వల్ల నరం తొందరగా కోలుకోదు. బుగ్గను వేళ్లతో మెల్లగా రుద్దుకుంటే చాలు. కదలిక మొదలయ్యాక అద్దం ముందు చిన్నచిన్న వ్యాయామాలు ఎలా చేయాలో ఫిజియోథెరపిస్టు చూపిస్తారు.

మెరుగుదల సాధారణంగా రెండు మూడు వారాల్లో కనిపిస్తుంది, పూర్తిగా తగ్గడానికి మూడు నుంచి ఆరు నెలలు పట్టవచ్చు. స్పర్శ బాగానే ఉంటే మీకు ఇప్పుడు ఎంఆర్ఐ అక్కర్లేదు. మూడు వారాల తర్వాత కూడా బలహీనత పెరుగుతున్నా, మూడు నెలలకు కాస్త కూడా కదలిక రాకపోయినా అప్పుడు న్యూరాలజిస్ట్‌ను కలిసి స్కాన్ చేయించుకోవాలి. కోర్సు పూర్తయిన వారంలో ఒకసారి మీ డాక్టర్‌కు చూపించుకోండి. ఈలోగా కన్ను ఎర్రబడినా, నొప్పి పుట్టినా, చూపు మసకబారినా అదే రోజు కంటి డాక్టర్ దగ్గరకు వెళ్లండి.